‘దౌ’ అంటే మీరు కాదు, నువ్వు

ఇంగ్లీషువాళ్ళకు పెద్దంతరం చిన్నంతరం లేదని మనవాళ్ళు తరచు అంటుంటారు. మేత్రాణులవారినైనా, మేష్టారినైనా, వీధిలో కుక్కపిల్లనైనా వాళ్ళు ‘యు’ అనే పిలుస్తారు. ‘యు’ అంటే ‘నువ్వు’ కదా, అందరినీ నువ్వు అనేస్తున్నారే అని మన బాధ. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట అనగా వింటూనే ఉన్నాం. నిజం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ‘యు’ అనేది పుట్టుకతో ‘మీరు’. ఇంగ్లీషువాడు కుక్కపిల్లను కూడా ‘మీరు’ అనే పిలుస్తున్నాడు! వాడు పోగొట్టుకున్నది ‘మీరు’ను కాదు, ‘నువ్వు’ను. ఆ పోయిన ‘నువ్వు’ పేరే ‘దౌ’. ఈ వారం పాఠం దాని గురించే.

ముందు అక్షరాలు, ఉచ్చారణ చూద్దాం. టి, హెచ్, ఓ, యు - నాలుగు అక్షరాలు. ‘దిస్’, ‘దట్’ అనే మాటల్లో వచ్చే ‘ద’తో మొదలుపెట్టి, ‘కౌ’ అన్నట్టుగా ‘దౌ’ అనాలి. ‘థౌ’ కాదు. దీని చివర జి, హెచ్ చేరిస్తే ‘దో’ అవుతుంది. అది ‘అయినప్పటికీ’ అనే అర్థం ఇచ్చే వేరే మాట. వ్రాతలో ఈ రెండింటినీ కలిపేసే విద్యార్థులు చాలామంది ఉన్నారు, జాగ్రత్త.

దౌ, దాని కుటుంబం ఈ రోజుల్లో మనకు ఎక్కడ ఎదురవుతాయి? ఇంగ్లీషు పరలోక జపంలో, మంగళవార్త జపంలో, పాత ఇంగ్లీషు బైబిళ్ళలో, పాత కీర్తనల్లో, షేక్స్పియర్ నాటకాల్లో. చాలామంది విశ్వాసులకు మొదటి రెండే పరిచయం. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

మన కతోలికులం తరతరాలుగా కంఠస్థం చేస్తూ వచ్చిన తెలుగు జపాల్లో తండ్రిదేవుణ్ణి, మరియమాతను ‘మీరు’ అని సంబోధిస్తాం. ‘మీ నామము’, ‘మీతో’ అంటాం. ఇంగ్లీషు మీడియం బడిలో చదివే పిల్ల ఇంట్లో తెలుగు జపం, బడిలో ఇంగ్లీషు జపం నేర్చుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ‘మీ’ ఉన్నచోట ‘దై’ కనబడుతుంది. ‘మీతో’ ఉన్నచోట ‘దీ’ కనబడుతుంది. బయట ఎవరూ వాడని మాట, గుడిలో మాత్రమే వినబడే మాట కనుక, ‘దౌ అంటే మహా గౌరవవాచకం, మన తమరు వంటిది’ అని ఆ పిల్ల తీర్మానించుకుంటుంది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. ఆ ఇంగ్లీషు పుట్టిన దేశంలోనే ఎందరో ఇలాగే అనుకుంటున్నారు. కాని అది సరి కాదు. ‘దౌ’ మన ‘నువ్వు’కు సమానం, అమ్మతో, చెల్లెలితో, చిన్ననాటి స్నేహితుడితో మాట్లాడే ‘నువ్వు’.

నమ్మకం కుదరకపోతే పాత ఇంగ్లీషు బైబిలు తెరిచి మత్తయి సువార్త 16వ అధ్యాయం చూడండి. సీమోను పేతురు యేసును ‘దౌ’ అంటాడు. మరుక్షణమే యేసు కూడా పేతురును ‘దౌ’ అంటారు. అది గౌరవవాచకమైతే గురువు శిష్యుణ్ణి అలా పిలుస్తారా? ఇంకా వెనక్కి, 4వ అధ్యాయానికి వెళ్ళండి. ఎడారిలో శోధకుడు దేవుని కుమారుణ్ణి ‘దౌ’ అనే సంబోధిస్తాడు. సాతానుకు యేసు మీద గౌరవం ఉందని ఎవరూ అనరు గదా! వినేది ఒక్కరే కనుక ఏకవచనం వాడారు, అంతే. బైబిలు మూలభాషలైన హీబ్రూ, గ్రీకుల్లో ఒక్కరికి ఒక మాట, పలువురికి ఒక మాట ఉన్నాయి. మర్యాద కోసం ఒక్కరినే బహువచనంలో పిలిచే పద్ధతి ఆ గ్రంథాల్లో లేదు. కతోలికుల డువే-రీమ్స్ అనువాదకులు (నూతన నిబంధన 1582, పాత నిబంధన 1609-10), 1611 నాటి ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ తేడాను దౌ, యీ అనే రెండు మాటలతో నిలబెట్టుకున్నారు.

ఇప్పుడు కొంచెం వ్యాకరణం. తెలుగువాళ్ళకు ఇది కష్టం కాదు, మనకు ఈ సామాను అంతా ఇంట్లోనే ఉంది.

దౌ అంటే ‘నువ్వు’, కర్తగా వచ్చేది. దీ అంటే ‘నిన్ను’, ‘నీకు’; ‘నీతో’, ‘నీ కోసం’ అనేచోట కూడా ఇదే. దై అంటే ‘నీ’. దైన్ అంటే ‘నీది’. అయితే తరువాతి మాట అచ్చుతో మొదలైతే దై బదులు కూడా దైన్ వాడేవారు: ‘దై హాండ్’ కాని ‘దైన్ ఐ’. (‘ఎ’, ‘ఆన్’ విషయంలో చేసే పనే ఇది.) దైసెల్ఫ్ అంటే ‘నిన్ను నువ్వే’. ఇక బహువచనం: కర్తగా ‘యీ’, కర్మగా ‘యు’, అంటే మీరు, మిమ్మల్ని. తరువాతి కాలంలో ‘యు’ రెండు చోట్లా కూర్చుంది, ‘యీ’ తప్పుకుంది. ఇంగ్లండులో పాతకాలపు దుకాణాల బోర్డుల మీద ‘యీ ఓల్డ్’ అని కనబడేది మాత్రం ఈ యీ కాదు. అది ‘ది’. ‘ద’ ధ్వనికి పూర్వం వాళ్ళకు ఒక ప్రత్యేకాక్షరం ఉండేది. వ్రాతలో అది వై లాగా మారిపోయింది, చూసినవాళ్ళు వై అనే చదివేశారు.

దౌ వచ్చినప్పుడు క్రియ కూడా మారాలి. ఆర్ బదులు ‘ఆర్ట్’, హావ్ బదులు ‘హాస్ట్’, డూ బదులు ‘డస్ట్’, విల్ బదులు ‘విల్ట్’, షాల్ బదులు ‘షాల్ట్’. మిగతా క్రియలకు చివర ‘ఎస్ట్’ చేరుతుంది: నోయెస్ట్, కమెస్ట్, గోయెస్ట్. పరలోక జపంలోని ‘ఆర్ట్’కు చిత్రకళతో సంబంధం లేదు, అది ‘ఉన్నావు’ అనే క్రియ. పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే ఎన్నో ఏళ్ళుగా అర్థం లేకుండా పలుకుతున్న వాక్యం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మరో పొరపాటు ‘ఎత్’ది. ‘గోయెత్’, ‘సేయెత్’ వంటివి దౌతో రావు. అవి ‘అతడు వెళ్తాడు’, ‘ఆమె చెబుతుంది’ అనేచోట వస్తాయి. పాతకాలపు వాసన కోసం ప్రతి క్రియకూ ఎత్ తగిలించేవాళ్ళు సినిమాల్లోనూ, బడి నాటకాల్లోనూ కనబడతారు. ‘దౌ గోయెత్’ అంటే ‘నువ్వు వెళ్తాడు’ అన్నట్టుంటుంది.

‘యు ఆర్’ అనేది కూడా ఇప్పుడు మరో రకంగా కనబడుతుంది చూడండి. ఒక్క మనిషినే ఉద్దేశించినా ‘ఆర్’ అనే బహువచన క్రియ ఎందుకు? మనం ఒక్క పెద్దాయన్ను చూసి ‘మీరు ఉన్నారు’ అని బహువచన క్రియ వాడటం ఎందుకో, అదీ అందుకే.

ఒక్క మనిషిని బహువచనంలో పిలిచే ఈ మర్యాద ఇంగ్లీషుకు సొంతం కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజుల ఇళ్ళలో, కొలువులో ఫ్రెంచి రాజ్యమేలింది. ఫ్రెంచిలో ఇంటివాళ్ళకు ‘త్యు’, పెద్దవాళ్ళకు ‘వు’. దాన్ని చూసి 13వ శతాబ్దం నుంచి ఇంగ్లీషువాళ్ళు కూడా పైవాళ్ళను ‘యీ, యు’ అనడం, కిందివాళ్ళను ‘దౌ’ అనడం అలవాటు చేసుకున్నారు. ప్రభువు సేవకుణ్ణి దౌ అనేవాడు, సేవకుడు ప్రభువును యు అనేవాడు. సరిసమానులైన పెద్దింటివాళ్ళు ఒకరినొకరు యు అనుకునేవాళ్ళు. పేదలు ఒకరినొకరు దౌ అనుకునేవాళ్ళు. ఇది చదువుతుంటే మన పల్లెటూరు కళ్ళముందు కనబడటం లేదూ? నెరిసిన తలతో చేతులు కట్టుకు నిలబడ్డ పాలేరును మోతుబరి కొడుకు, మీసాలైనా రానివాడు, ‘ఏరా’ అంటాడు. ఆ ముసలాయన వాణ్ణి ‘బాబుగారూ, తమరు’ అంటాడు. సర్వనామం మీద కులం, భూమి కూర్చుని ఉంటాయి.

కనుకనే దౌ ఒక్కోసారి కత్తిలా తెగేది. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ నేరం మోపి వించెస్టరులో విచారణ జరిపారు. ప్రభుత్వ న్యాయవాది సర్ ఎడ్వర్డ్ కోక్ నిండు న్యాయస్థానంలో ఆ వీరుణ్ణి ‘దౌ’ అని సంబోధించాడు. అంతటితో ఆగక, నిన్ను దౌ అనే అంటాను అని దాన్నే క్రియగా వాడి మరీ అవమానించాడు. మన భాషలో ‘నన్ను ఏకవచనంలో పిలుస్తావా?’ అని తగాదాలు లేవటం ఎరిగినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. షేక్స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకంలో కూడా సర్ టోబీ తన వెర్రి మిత్రుడికి ఇదే సలహా ఇస్తాడు: ప్రత్యర్థికి సవాలు రాస్తున్నావు గదా, ఓ మూడుసార్లు దౌ అని తగిలించు, వాడికి మండుతుంది అని.

ఆ శతాబ్దంలోనే ఇందుకోసం దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. 1650 ప్రాంతంలో జార్జి ఫాక్స్ అనే బోధకుని వెంట నడిచిన క్వేకర్లు, రాజైనా బిచ్చగాడైనా ఒక్కడు ఒక్కడే, కాబట్టి అందరినీ దౌ అనే పిలుస్తాం, ఎవరి ముందూ టోపీ తీయం అని పట్టుబట్టారు. వారిది మన సంఘం కాదు, వారి బోధలన్నీ మనం ఒప్పుకునేవీ కావు. అయినా ఈ ఒక్క విషయంలో వారి తెగువను మెచ్చుకోకుండా ఉండలేం. థామస్ ఎల్వుడ్ అనే యువకుడు వారిలో చేరినప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు. తరువాత అంధుడైన మిల్టన్ మహాకవికి పుస్తకాలు చదివి వినిపించింది ఇతడే. కన్నతండ్రిని ‘యు’ అనడానికి మనసొప్పక ‘దౌ’ అన్నందుకు తండ్రి పిడికిళ్ళతో తన మీద పడ్డాడని అతడు తన జీవితకథలో రాసుకున్నాడు. అది అతని మరణానంతరం 1714లో అచ్చయింది. తండ్రి పక్షాన కూడా కాస్త ఆలోచించండి. మన ఇళ్ళలో నాన్నగారిని మీరు అనే కొడుకు ఒక పొద్దున లేచి ‘ఏం నాన్నా, నువ్వు’ అని కాక, నలుగురిలో ‘నువ్వు’ అని పేరుపెట్టి పిలిస్తే ఎలా ఉంటుంది? ఆ తండ్రికి అలాగే ఉంది.

మనుషుల మధ్య ఈ మెట్లు తీసేయడానికి రెండు దారులున్నాయి. అందరినీ నువ్వు అనడం ఒకటి, అందరినీ మీరు అనడం ఒకటి. క్వేకర్లు మొదటి దారి పట్టారు. దేశం రెండో దారిన పోయింది. ఎవరిని దౌ అంటే ఏం గొడవో అని పట్నాల్లో జనం ముక్కూ మొహం తెలియని ప్రతివారినీ యు అనడం మొదలుపెట్టారు. 17వ శతాబ్దం ముగిసేసరికి చాకలికీ ప్రభువుకూ ఒకే మాట దక్కింది, అదీ పై మెట్టు మాట. దౌ ఊళ్ళల్లోకి వెళ్ళిపోయింది. ఉత్తర ఇంగ్లండులో, ముఖ్యంగా యార్క్‌షైరులో పెద్దవాళ్ళ నోట ‘దా’ అనే రూపంలో ఇంకా అది వినబడుతుంది.

మరి గుడిలో ఎలా మిగిలింది? జపాలు జనం నోటికి వచ్చినవి. నోటికి వచ్చినదాన్ని ఎవరూ మార్చరు. వీధిలో దౌ చచ్చిపోయాక అది వినబడేది దేవుని సన్నిధిలోనే కనుక, దానికి ఒక పవిత్రత అంటుకుంది. మన ‘ఏలినవారు’ సంగతి చూడండి. ఒకప్పుడు రాజునో జమీందారునో అలా పిలిచేవారు. ఏలేవాళ్ళు పోయారు, మాట మాత్రం మన జపాల్లో నిలిచిపోయి, ఇప్పుడు వింటే దేవుడే గుర్తొస్తాడు. తేడా ఒక్కటే. ఏలినవారు దర్బారు నుంచి గుడికి వచ్చింది. దౌ వంటింటి నుంచి వచ్చింది.

ఈ పొరపాటు పండితులను కూడా ఇబ్బంది పెట్టింది. 1952లో పూర్తయిన రివైజ్డ్ స్టాండర్డ్ బైబిలులో దేవుణ్ణి సంబోధించే చోట మాత్రం దౌ ఉంచి, మిగతా అన్నిచోట్లా యు పెట్టారు. భూమి మీద తిరుగుతున్న యేసును శిష్యులు పిలిచేచోట యు వచ్చింది. అంటే ఆయన దేవుడు కాడనా మీ ఉద్దేశం అని కొందరు విమర్శించారు! మూలంలో లేని తేడా కోసం జరిగిన రగడ అది. 1989లో దాని కొత్త సవరణలోనూ, 2006లో వచ్చిన రెండవ కతోలిక ముద్రణలోనూ దౌను పూర్తిగా తీసేశారు. దివ్యపూజ విషయానికొస్తే, 1973 నాటి ఇంగ్లీషు పూజ గ్రంథంలో దేవుణ్ణి యు అనే సంబోధించారు. పరలోక జపాన్ని మాత్రం ముట్టుకోలేదు. 2011లో అమలులోకి వచ్చిన కొత్త అనువాదంలోనూ అదే పద్ధతి.

ఫ్రెంచి కతోలికుల కథ మనకు ఇంకా దగ్గర. వాళ్ళూ మనలాగే పరలోక జపంలో తండ్రిని ‘మీరు’ అనేవారు. ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు ‘నువ్వు’ అనేవారు. మన దగ్గర ప్రొటెస్టెంటు సోదరుల తెలుగు ప్రార్థనలో ‘నీ నామము’ ఉన్నట్టే. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1966లో ఫ్రెంచి సంఘాలన్నీ కలిసి చెప్పుకునే పాఠం ఒకటి వచ్చింది. అందులో కతోలికులు కూడా ‘నువ్వు’కు మారారు. మనం మారాలా అన్నది ఈ శీర్షిక తేల్చే విషయం కాదు. మా మట్టుకు మాకు మీరు అనడంలోని వణుకూ ఇష్టమే, నువ్వు అనడంలోని చనువూ ఇష్టమే. అయితే ఇంగ్లీషులో దై నేమ్ అన్నప్పుడు మన నోట వస్తున్నది ఆ రెండవదని తెలిసి అనడం మంచిది.

దౌ పోవడం వల్ల ఇంగ్లీషు చదివేవారికి కలిగిన నష్టం ఒకటి చెప్పాలి. లూకా సువార్త 22వ అధ్యాయం, 31, 32 వచనాలు. కడరాత్రి భోజనం దగ్గర యేసు సీమోనుతో మాట్లాడుతున్నారు. సాతాను గోధుమల్లా జల్లెడ పట్టాలని కోరింది ఎవరిని? ‘మిమ్మల్ని’, అంటే శిష్యులందరినీ. ప్రభువు ప్రార్థించింది ఎవరి కోసం? ‘నీ కోసం’, అంటే పేతురు ఒక్కడి కోసం. ఆపద అందరికీ, ప్రార్థన ఒక్కడికి. ఆ ఒక్కడు లేచి తక్కిన సోదరులను నిలబెట్టాలి. పేతురు అధికారం గురించి 1870లో మొదటి వాటికన్ మహాసభ చెప్పినప్పుడు ఈ వచనాన్నే చూపింది. పాత ఇంగ్లీషులో మొదట యు, తరువాత దీ ఉన్నాయి, తేడా స్పష్టం. నేటి ఇంగ్లీషులో రెండుచోట్లా యు. చదివేవాడు జల్లెడ కూడా పేతురు ఒక్కడికే అనుకుంటాడు. అందుకే కొన్ని కొత్త అనువాదాలు ‘ఆల్ ఆఫ్ యు’ అని అదనంగా చేర్చుకోవలసి వచ్చింది. మన తెలుగు బైబిలు చదివే ముసలమ్మకు ఈ చిక్కే లేదు.

యోహాను 3వ అధ్యాయంలో నికొదేము కూడా ఇటువంటివాడే. రాత్రిపూట ఒంటరిగా వచ్చాడు. ‘నీతో’ చెబుతున్నాను అంటూ మొదలుపెట్టిన యేసు, మళ్ళీ జన్మించవలసింది ‘మీరు’ అంటారు. అతని వెనుక ఉన్నవాళ్ళందరూ ఆ గదిలోకి వచ్చేశారు.

వాడుక గురించి రెండు మాటలు. ఉత్తరాల్లో, వ్యాసాల్లో, ప్రసంగాల్లో దౌ వాడకండి; నవ్వుతారు. ఇంగ్లీషులో సొంతంగా ప్రార్థన రాసుకునే విద్యార్థులు దౌతో మొదలుపెట్టి మధ్యలో ‘యువర్’కు దూకుతుంటారు. ‘నువ్వు మాకు మీ దయ చూపించండి’ అన్నట్టు ఉంటుందది. యుతో మొదలుపెట్టి యుతోనే ముగించడం తేలిక. కంఠస్థ జపాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెప్పండి.

ఇంటి పని: ఈ వాక్యాలను దౌలోకి మార్చండి. ‘యు ఆర్ మై ఫ్రెండ్.’ ‘ఐ సీ యు.’ ‘డూ యు నో?’ ‘యువర్ ఆనర్, యువర్ హౌస్.’ తరువాత పాత ఇంగ్లీషు బైబిలులో యోహాను సువార్త 4వ అధ్యాయం తెరిచి, బావి దగ్గర సమరియా స్త్రీతో మాట్లాడుతూ యేసు ఎక్కడ దౌ అన్నారో, ఎక్కడ యీ అన్నారో గీత గీయండి.

జవాబులు: దౌ ఆర్ట్ మై ఫ్రెండ్. ఐ సీ దీ. డస్ట్ దౌ నో? దైన్ ఆనర్, దై హౌస్ (ఆనర్‌లో హెచ్ పలకదు కనుక దైన్). ఇక సమరియా స్త్రీ: ఆమె భర్తల గురించి మాట్లాడినంతసేపు దౌ, ఆరాధన గురించి మాట తిరగగానే యీ. 22వ వచనం దగ్గర ఆగి చూడండి. అక్కడ ఆయన మాట్లాడుతున్నది ఆమె ఒక్కదానితో కాదు, కొండ మీద ఆరాధించే ఆమె జనమంతటితో.